శుభకృత్ నామ సంవత్సర వార్షిక నివేదిక (2022 ఉగాది నుంచి 2023 ఉగాది వరకు)

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ కార్యదర్శిగా నా నమస్కారాలు.

మన సాహితీ సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. గడచిన ఏడాది నెలవారీ కవిసమ్మేళనాలు పన్నెండు జరగవలసి ఉండగా ఏడే జరిగాయి. మే, జూన్ నెలల్లో నలుగురు ఒకచోట చేరే పరిస్థితి లేదు. జూలైలో గోదావరికి వరద వచ్చింది. మిగిలిన రెండు నెలలూ మనవాళ్ళు రాక జరగలేదు. ఆ సంగతి ముందుకు వస్తుంది.

మే 24 సాయంత్రం అమలాపురంలో ఏమి జరిగిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. ఏప్రిల్ 4న మన కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడింది. మే 18న జిల్లా పేరుకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక ప్రకటన వెలువడింది. ఆరు రోజులు తిరిగేసరికి, ఆ పేరు వద్దంటూ జరిగిన ఆందోళనలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు తగలబడ్డాయి. 144వ సెక్షన్ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. జూన్ వచ్చినా కొన్ని మండలాలకు అది తిరిగి రాలేదు. ఇంటి నుంచి ఉద్యోగం చేస్తున్న పిల్లలు ల్యాప్‌టాప్ సంచులు తగిలించుకొని సిగ్నల్ దొరికే గట్టు వెతుక్కుంటూ తిరిగారు. ఫోను మూగబోయినా వదంతులు మాత్రం ఆగలేదు. ఎవరిని పట్టుకుపోయారు, ఎవరి పేరు ఏ జాబితాలో ఉంది, ఏ వీధి మీదకు ఎవరు రాబోతున్నారు అనే మాటలు అరుగుల మీద పుట్టి, రాత్రికి మరో రూపంలో తిరిగి మన గుమ్మంలోకే వచ్చేవి. పక్కపక్క ఇళ్ళవారు పలకరించుకోవడం మానేశారు. మన సంఘంలోనే ఇద్దరు సభ్యులు ఒకరున్న సభకు మరొకరు రామని కబురు పంపారు.

ఎవరు చూసింది, ఎవరు పడింది వారు కాగితం మీద పెట్టుకొనే రాత శిబిరం ఆలోచన ఆ రోజుల్లోనే పుట్టింది. దాన్ని నడిపే వీలు మాత్రం దసరా సెలవుల దాకా దొరకలేదు. జూలై మూడో వారంలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పి.గన్నవరం, మామిడికుదురు వైపు లంక గ్రామాల్లో మన సభ్యుల ఇళ్ళల్లోకి నీళ్ళు వచ్చాయి. ఆ పది రోజులు అన్నం పొట్లాలు కట్టడమే మన సాహిత్య సేవ. ఒకటి చెప్పాలి: మే నెలలో మాట్లాడుకోనివారు జూలైలో ఒకే పడవలో ఎక్కారు. నీళ్ళు తీయగానే మళ్ళీ ఎవరి గుమ్మం వారిదయింది. అది చూశాకే శిబిరం తప్పక పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది.

రాయడం వల్ల మనసు తేలికపడుతుందని ఊరికే అనుకొని దిగలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ప్రచురించిన పరిశోధనను మన ఉపాధ్యక్షులు తెలుగులో చెప్పి వినిపించారు. కళాశాల విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాయించారు. రాసిన వెంటనే వారికి మనసు మరింత బరువెక్కింది. కానీ జరిగినదాన్నీ, అప్పుడు తమకు కలిగినదాన్నీ కలిపి రాసినవారు తరువాతి నెలల్లో కళాశాల వైద్యకేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఆ తరువాత ఎందరో చేసిన పరిశోధనల్లో ఫలితం అందరిలో ఒకేలా రాలేదని, వచ్చినచోట కూడా అది కొద్దిపాటిదేనని ఉపాధ్యక్షులు దాచకుండా చెప్పారు. అందుకే శిబిరం కరపత్రంలో ‘చికిత్స’ అనే మాట వేయవద్దని నేను పట్టుబట్టాను. రాసిన రోజు దిగులు పెరగవచ్చని మాత్రం మొదటి వాక్యంలోనే రాశాం.

మనసులోని బాధను రాతలో పెట్టడం మన గోదావరి గట్టుకు కొత్త కాదు. 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు ఆ సభలోనే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి ‘భరతఖండంబు చక్కని పాడియావు’ పద్యం పుట్టింది. తెల్లదొరతనం వద్దని పాడినందుకు గరిమెళ్ళ సత్యనారాయణ గారు జైలుకు వెళ్ళారు. అదే వరసలో నల్లదొరతనమూ, అంటే మనవాళ్ళలోని అగ్రకులాల పెత్తనమూ వద్దని రాజమండ్రి ఆయుర్వేద వైద్యులు కుసుమ ధర్మన్న గారు రాశారు. ప్రారంభ సభలో ఈ ముగ్గురినీ తలచుకున్నాం. అవి సభలో పాడడానికి రాసినవి. మనం రాయించినవి ముందు రాసినవారే చదువుకోవడానికి.

శిబిరానికి పంతొమ్మిది మంది వచ్చారు. నియమాలు రెండే పెట్టాం. విన్నది రాయవద్దు, నీ కంటితో చూసింది, నీ ఒంటికి తెలిసింది రాయి. రెండోది, కులం పేరు, పార్టీ పేరు రాయవద్దు. ఈ రెండోది నేనే ప్రతిపాదించాను, గొడవ రాకూడదని. మొదటి రోజే దళితపేట నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థిని లేచి, “కులం పేరు రాయవద్దంటే నాకు జరిగినదాంట్లో సగం రాయకూడదన్నట్టే కదండీ” అంది. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి అన్నది నిజం. ఏ మాట చుట్టూ ఊరు రెండుగా చీలిందో ఆ మాటే రాయవద్దంటే కాగితం మీద కూడా 144వ సెక్షన్ పెట్టినట్టే. అప్పటికప్పుడు నియమం మార్చాం: ఎదుటివారి మీద వేయడానికి వద్దు, తనకు జరిగినది చెప్పడానికి ఏ పేరైనా రాయవచ్చు.

మొదటి నియమం మాత్రం చివరిదాకా నిలబడింది, పని చేసింది కూడా అదే. ఒకాయన ఆవేశంగా రెండు పేజీలు నింపి, తాను చూసినవాటి కింద గీత గీయమంటే మూడు వాక్యాల కింద మాత్రమే గీయగలిగారు. మిగిలినదంతా విన్నదే. ఆ పుస్తకం మూసి చాలాసేపు అరుగు మీద కూర్చున్నారు. మరునాడు ఆ మూడు వాక్యాల నుంచే మళ్ళీ మొదలుపెట్టారు.

టిఫిన్ బండి నడిపే ఒక అమ్మగారు తనకు రాయడం రాదంటూనే వచ్చారు. ఆమె రాసింది ఇడ్లీ పిండి గురించి. మే 24 మధ్యాహ్నమే మరునాటి కోసం పప్పు రుబ్బి పెట్టుకున్నారు. తెల్లవారితే బండి తీయడానికి లేదు. ఎండాకాలం, పిండి పొంగి, మూతను నెట్టి, గిన్నె అంచు దాటి నేల మీదకు జారింది. పారబోయడానికి చేతులు రాలేదు. ఇరుగుపొరుగుకు పంచుదామంటే ఏ ఇంటి తలుపు తట్టవచ్చో, ఏది తట్టకూడదో తెలియలేదు. పుట్టి పెరిగిన వీధిలో తలుపు తట్టడానికి భయపడడం అదే మొదటిసారి అని ఆమె రాశారు. వదంతి ఒక్కటీ లేదు, ఎవరి మీదా నింద లేదు. ఆ రోజుల గురించి నేను చదివిన వాటన్నిటిలో నాకు గుర్తుండిపోయింది ఆ గిన్నె.

విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరు మొదటి రెండు రోజులూ తేదీ వేసి ఊరుకున్నారు. మూడో రోజు, మే నెల నుంచి సాయంత్రం నడకకు కాలవగట్టు వదిలి వేరే దారిన ఎందుకు వెళుతున్నారో రాశారు. ఆ గట్టు మీద ముప్పై ఏళ్ళుగా తనతో నడిచిన స్నేహితుడు ఎదురుపడతాడని. ఆ కాగితం చించి జేబులో పెట్టుకొని వెళ్ళారు. ఆ స్నేహితునికి ఇచ్చారో లేదో మేము అడగలేదు.

ఇక ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసినది కార్తిక మాసంలో జరిపిన చదువుల సభ. ఇష్టపడిన పదకొండు మంది తాము రాసినవి చదివారు. కార్తికం వస్తే మన తోటల్లో ఎవరి కులం వారు వేరుగా వనసమారాధనలు చేసుకోవడం మామూలైపోయింది. మన సభ ఒకే కొబ్బరితోటలో, ఒకే ఉసిరిచెట్టు నీడన, ఒకే పంక్తిలో జరిగింది. భోజనాల దగ్గర మొదట కొందరు గుంపులుగానే కూర్చున్నారు, ఆ మాట దాచను. చదవడం పూర్తయ్యాక పొట్టిక్కల (పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీల) పళ్ళెం చేతులు మారుతూ ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది. ఒకరున్న సభకు మరొకరు రామన్న ఆ ఇద్దరు సభ్యులూ వచ్చారు. మాట్లాడుకోలేదు. కానీ ఇద్దరూ చివరిదాకా కూర్చున్నారు.

తోట ఇచ్చిన రైతు సోదరునికి, అద్దె తీసుకోకుండా షామియానా, కుర్చీలు పంపిన వారికి, పనసాకు బుట్టలు కుట్టి తెల్లవారుజామునే పొట్టిక్కలు వండిన మహిళా సభ్యులకు, లంకల నుంచి వచ్చినవారిని రేవు దగ్గర నుంచి ఎక్కించుకొచ్చిన ఆటో సోదరులకు, మైకు సర్దిన కుర్రవాళ్ళకు, శిబిరానికి గ్రంథాలయం గది తెరిచి నాలుగు రోజులూ దగ్గరుండి చూసుకున్న ఉద్యోగికి, వార్త వేసిన విలేకరులకు, పరిశోధన విశేషాలు తెలుగు చేసిన ఉపాధ్యక్షులకు, వరదల్లో పడవలు నడిపినవారికి పేరుపేరునా ధన్యవాదాలు. మరచినవారు ఉంటే మన్నించాలి.

కొన్ని మాటలు మనసులో పెట్టుకోలేను. శిబిరం సేవకు పద్నాలుగు మంది పేర్లు రాయించుకున్నారు. వచ్చినవారు ముగ్గురు. జంపకానాలు పరిచిందీ, నోటుపుస్తకాలు మోసిందీ, మంచినీళ్ళు పట్టిందీ ఆ ముగ్గురే. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి. రెండు నెలల కవిసమ్మేళనాలు ఆగిపోవడానికి కారణం గొడవలు కాదు, మనమే. సభా మందిరం కోసం ఒక కార్యాలయానికి మూడు దరఖాస్తులు ఇచ్చాం. ఆంక్షలు తొలగిన నెలల తరువాత కూడా ‘పరిస్థితులు చూసి చెబుతాం’ అన్నారు తప్ప అవుననీ కాదనీ కాగితం మీద ఇవ్వలేదు. ఊరు కుదుటపడాలని కోరేవారు ఊరివాళ్ళు కూర్చోవడానికి ఒక గది ఇవ్వలేకపోవడం బాధ కలిగించింది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. చందా బకాయిలు ఉన్నవారు ఈ రోజే చెల్లించగలరు. నోటుపుస్తకాల ఖర్చు విరాళాల నుంచే సరిపోయింది.

వచ్చే ఏడాది శిబిరం దసరాకు కాకుండా వేసవి సెలవుల్లోనే, మే నెలలోనే జరపాలని కార్యవర్గం ప్రతిపాదన. కనీసం పదిమంది సేవకులు నాలుగు రోజులూ ఉంటామని ఈ సభలోనే లేచి చెబితేనే తేదీ ప్రకటిస్తాం.

చివరగా ఒక మనవి. శిబిరంలో రాసిన నోటుపుస్తకాల్లో ఎనిమిది ఇంకా గ్రంథాలయం బీరువాలోనే ఉన్నాయి. తాళం నా దగ్గర ఉంది. వాటిని మేము ఎవరమూ తెరవలేదు. రాసినవారు ఏ ఆదివారమైనా పది గంటల తరువాత వచ్చి తమవి తీసుకువెళ్ళగలరు.

ఇట్లు,
కార్యదర్శి