ప్లేట్‌లెట్లకు బ్యాక్టీరియా పరీక్ష ఏదీ?

సంపాదకుడు గారికి,

వానలు పడ్డాయి, డెంగీ మొదలైంది. కర్నూలులో ఏ వాట్సాప్ గ్రూపు చూసినా 'అర్జెంటుగా ప్లేట్‌లెట్లు కావాలి' అన్న మెసేజ్‌లే. దాతలు దొరకడం లేదని అందరూ అంటున్నారు. దొరికిన సంచి ఎంత శుభ్రమో అడిగేవాళ్లు మాత్రం కనబడరు.

దానం చేసిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. చర్మం మీద ఉండే మామూలు బ్యాక్టీరియా వీటిలో దేనికీ దొరకదు. ఎర్రకణాలను 2 నుంచి 6 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడతారు గనక అక్కడ చాలా రకాలు పెరగవు (యెర్సీనియా లాంటి మొండివి తప్ప). ప్లేట్‌లెట్లను అలా చల్లబరచకూడదు. 20-24 డిగ్రీల దగ్గర కదిలిస్తూ 5 రోజుల దాకా ఉంచుతారు. సూదితో పాటు దాత చర్మం నుంచి లోపలికి పోయిన నాలుగు క్రిములకు ఆ వెచ్చదనం చాలు, గోరువెచ్చని పాలలో తోడు వేసినట్టే.

ప్లేట్‌లెట్లు ఎక్కిస్తుండగా చలి, జ్వరం వస్తే ఒక ఇంజక్షన్ ఇచ్చి 'ఇది మామూలే' అనేస్తారు. చాలాసార్లు నిజంగా మామూలే. కానీ డెంగీ రోగికి అసలే జ్వరం, కొత్తగా వచ్చింది దేనివల్లో ఎలా తెలుస్తుంది? వెంటనే ఆపేసి, మిగిలిన సంచినీ రోగి రక్తాన్నీ కల్చర్‌కు (క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్షకు) పంపితేనే తెలుస్తుంది. సంచి చెత్తబుట్టలో పడితే ఆధారం దానితోనే పోతుంది. ఇలాంటి రియాక్షన్లు నమోదు చేయడానికి 2012 డిసెంబరులో జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమం పెట్టారు. ఆసుపత్రి ఫారం నింపి పంపకపోతే అది ఉండీ ఏం లాభం?

రక్తస్రావం లేకపోతే ప్లేట్‌లెట్లు పదివేల లోపుకు పడేదాకా సాధారణంగా ఎక్కించనక్కర్లేదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. యాభై వేలు అనగానే టెన్షన్ పడి డాక్టరు మీద ఒత్తిడి తెచ్చే బంధువులు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, వాటిలో ఇలాంటి క్రిముల పరీక్షలు చేసే మైక్రోబయాలజీ విభాగాలున్నాయి. కొత్త భవనాలు అడగడం లేదు. మొదటి కొద్ది మిల్లీలీటర్ల రక్తాన్ని పక్కకు మళ్లించే చిన్న పౌచ్ ఉన్న సంచులనే కొనాలి, ఎందుకంటే చర్మపు ముక్కా క్రిములూ ఎక్కువగా పోయేది ఆ మొదటి రక్తంలోనే. నిల్వలోని ప్లేట్‌లెట్ల నుంచి నమూనాలు తీసి క్రమం తప్పకుండా కల్చర్ చేయాలి. ఎన్ని పరీక్షించారు, ఎన్నింటిలో బ్యాక్టీరియా దొరికిందన్నది నెలనెలా రక్తనిధి నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– ఒక రక్తదాత, కర్నూలు