గోక్తా జలపాతానికి నీరిచ్చే అడవిని మరవవద్దు

సంపాదకులకు నమస్కారం.

పెరూ దేశంలోని గోక్తా జలపాతం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన యాత్రా కథనాన్ని ఆసక్తితో చదివాను. రెండేళ్ల క్రితం మే నెలలో ఆ దారిన నడిచినదానిగా రెండు విషయాలు విన్నవించుకోవాలనుకుంటున్నాను. మొదటిది, ఆ జలపాతాన్ని 2006లో ‘కనుగొన్నారు’ అని రాయడం. రెండోది, అది ఎత్తులో ప్రపంచంలో ఎన్నోది అన్న చర్చకు కథనంలో సగం చోటిచ్చి, దారి పొడవునా ఉన్న మబ్బుల అడవిని ఒక్క వాక్యంతో దాటవేయడం.

జర్మనీకి చెందిన స్టీఫన్ జీమెండార్ఫ్ ఆ జలపాతాన్ని కొలిపించి, ఎత్తు 771 మీటర్లని 2006 మార్చిలో ప్రకటించారు. పై అంచె 231 మీటర్లు, కింది అంచె 540 మీటర్లు. బయటి ప్రపంచానికి గోక్తా పేరు తెలిసింది అప్పుడే. అయితే కోకచింబా ఊరి మధ్య నిలబడి తలెత్తితే చాలు, కొండ గోడ మీద తెల్లని దారంలా అది కనిపిస్తుంది. ఆ ఊరివారు తరతరాలుగా దాన్ని చూస్తూనే ఉన్నారు. అడుగున ఉన్న మడుగులో బంగారు జుట్టు జలకన్య నిధికి కాపలా కాస్తుందని కథలు కూడా చెప్పుకున్నారు. వారికి తెలియనిది ఎత్తు ఎన్ని మీటర్లన్నది మాత్రమే. ఇక స్థానం సంగతి చూస్తే, మూడోదని మొదట ప్రకటించినా, అంచెలన్నిటినీ కలిపి కొలవాలా, ఒకే ధారగా పడే భాగాన్నే లెక్కించాలా అన్నదాన్ని బట్టి జాబితాలు మారిపోతున్నాయి. అదే ప్రాంతంలో కుయిస్పెస్ దగ్గరున్న యుంబియా జలపాతాన్ని 895 మీటర్లుగా లెక్కించారు. ఈ పోటీ తేలేది కాదు.

కోకచింబా నుంచి కింది ధార అడుగుకు చేరడానికి మాకు రెండున్నర గంటలు పట్టింది. మొదట చెరకు మడులు, వాటి పక్కన పశువులు మేసే పచ్చిక బయళ్లు. ఎండ నేరుగా వీపు మీద పడుతుంది. ఒకటి రెండు కొండ మలుపులు తిరిగాక దారి చెట్ల కిందకు దూరగానే గాలి మారిపోయింది. వాన పడటం లేదు, అయినా ఆకుల నుంచి చినుకులు రాలుతూనే ఉన్నాయి. నేను పైకి చూసి వాన మొదలైందా అని అడిగితే, మాకు దారి చూపిన ఊరి మనిషి తల అడ్డంగా ఊపి, పక్కనున్న కొమ్మకు పట్టిన నాచును పిడికిట్లో పిండి చూపించాడు. వేళ్ల సందుల్లోంచి నీరు ధారగా కారింది.

ఆ అడవి పనితీరు అంతా ఆ పిడికెడు నాచులో ఉంది. అమెజాన్ మైదానం మీదుగా వచ్చే తేమగాలి ఆండీస్ తూర్పు వాలులను ఒరుసుకుంటూ పైకి లేచి, చల్లబడి, మబ్బుగా మారి చెట్ల మధ్యనే నిలిచిపోతుంది. ఆ మబ్బులోని సన్నని నీటి తుంపరలను ఆకులు, నాచు, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు, అనాసకు దగ్గరి చుట్టాలైన బ్రొమీలియాడ్ మొక్కలు ఒడిసిపట్టి బొట్లుబొట్లుగా నేలకు జారుస్తాయి. కొమ్మలను కప్పేసిన ఈ మొక్కలు చెట్టు రసం పీల్చే బదనికలు కావు. చెట్టును ఆసరాగా మాత్రమే చేసుకుని, గాలి నుంచి, వాన నుంచి నీరు తీసుకుంటాయి. వానగా కురవని నీరు కూడా ఇలా నేలలోకి ఇంకుతుంది. అందుకే వానలు తగ్గే నెలల్లో ధార సన్నబడినా, వాగుకు నీరందడం ఆగదు. చెట్లు కొట్టేస్తే మబ్బు రావచ్చు, కానీ దాన్ని పట్టి ఆపేవి ఉండవు. గోక్తా నీరు కోకావైకో వాగుగా, ఉత్కుబాంబా నదిగా, మరన్యోన్‌గా మారి చివరికి అమెజాన్‌లో కలుస్తుంది కనుక ఇది ఒక్క ఊరి సంగతి కాదు.

పెరూ జాతీయ పక్షి అయిన నారింజ ఎరుపు రంగు గయీతో దె లాస్ రోకాస్‌ను ఒక్క క్షణం చూడగలిగాను. పసుపు తోక ఉన్ని కోతి మాకు కనబడలేదు. పెరూలో తప్ప మరెక్కడా లేని ఆ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1974లో మళ్లీ బయటపడింది. ఇప్పటికీ అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లోనే ఉంది. దాని అడవిని మేత బీళ్ల కోసం, సాగు కోసం నరికేస్తున్నారు. వాతావరణం వేడెక్కే కొద్దీ మబ్బు పట్టే ఎత్తు పైకి జరుగుతుందన్న ఆందోళన కూడా శాస్త్రవేత్తల్లో ఉంది. కొండ శిఖరం దాటాక అడవి ఇంకెక్కడికి జరగగలదు?

ధార అడుగున నిలబడ్డప్పుడు నాకు భయం, ఆనందం రెండూ ఒకేసారి కలిగాయి. నీరు నేలను తాకకముందే సగం తుంపరగా చెదిరిపోయి, ఆ తుంపర గాలిని తోసుకుంటూ వచ్చి దూరంగా నిలబడ్డవారిని కూడా తడిపేస్తుంది. వానాకాలంలో వెళ్తే ధార మహోధృతంగా ఉంటుందని మీ కథనం ప్రోత్సహించింది. అది నిజమే కానీ, డిసెంబరు నుంచి మార్చి వరకు దారి బురదమయమై, వాలుల్లో కాలు నిలవదు. వానలు వెనుకబడుతున్న మే నెల నాకు మేలనిపించింది. దారి చూపేందుకు ఆ ఊరి మనుషులనే వెంట తీసుకువెళ్లమని కూడా రాసి ఉంటే బాగుండేది. అడవి నిలబడి ఉన్నందువల్ల ఆదాయం వస్తుందని ఊరికి తెలిస్తే, చెట్టు కొట్టేముందు ఆగి ఆలోచించడానికి ఒక కారణం ఉంటుంది.

తదుపరి సంచికలో ‘2006లో కనుగొన్నారు’ అన్న మాటను ‘2006లో ఎత్తును ప్రకటించారు’ అని సవరించవలసిందిగా, వీలైతే ఆ అడవి గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు