తోటతో పాటు తోటమాలినీ పరిచయం చేయండి

సంపాదకులకు నమస్కారం.

అందమైన ఇంటితోటలపై పత్రికల్లో వచ్చే వ్యాసాలను ఎంతో ఇష్టంగా చదువుతాను. వాటిలోని ఫొటోలు చూడముచ్చటగా ఉంటాయి. అయితే ఆ నేలను ఎలా బాగుచేశారు, ఏ మొక్క నిలదొక్కుకుంది, ఏది ఎండిపోతే ఆ చోట మరేది నాటారు అన్న సంగతులు ఒకటి రెండు వాక్యాలతో ముగిసిపోతాయి. యజమాని పేరు తప్పక ఉంటుంది గానీ, రోజూ వంగి కలుపు తీసే మనిషి పేరు ఎక్కడా కనిపించదు. ఈ లోటు తీర్చమని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లోని సిసింగ్‌హర్స్ట్ తోటనే తీసుకోండి. శిథిలంగా పడివున్న ఆ ఆవరణను 1930లో కొన్న వీటా శాక్‌విల్-వెస్ట్, హెరాల్డ్ నికల్సన్ దంపతుల పేర్లు తోటలపై ఆసక్తి ఉన్నవారందరికీ తెలుసు. బాటలు, కంచెల అమరిక ఆయనది. వాటి మధ్య మొక్కల ఎంపిక ఆమెది. కానీ 1959లో ప్రధాన తోటమాలులుగా చేరిన పమేలా ష్వెర్ట్, సిబిల్ క్రాయిట్స్‌బర్గర్ అనే ఇద్దరు మహిళలు, 1962లో వీటా మరణించిన తర్వాత కూడా, 1990 దాకా ఆ తోటను తీర్చిదిద్దుతూ వచ్చారు. ఆ తోటకు వచ్చిన ఖ్యాతిలో వారికి పెద్ద వాటాయే ఉందని నా నమ్మకం.

తోట ఒకసారి పూర్తిచేసి వదిలేయగల వస్తువు కాదు. చెట్టు పెరిగి నీడ పరచుకుంటే కింద ఎండను కోరే మొక్కలు బతకవు, గుబురు కట్టిన దుంపలను విడదీయకపోతే పూత తగ్గుతుంది, కత్తిరింపు రెండేళ్లు ఆగితే కంచె రూపం చెడుతుంది. ఏది ఎప్పుడు చేయాలన్న తెలివిడి చాలావరకు చేసేవారి చేతుల్లోనే ఉంటుంది కనుక వారితోనే పోతుంది. చిత్రకారుడు క్లాడ్ మోనే ఫ్రాన్స్‌లోని జివెర్నీలో 1883 నుంచి పెంచిన తోటకు ఆ గతే పట్టింది. 1926లో ఆయన కన్నుమూశాక సవతి కుమార్తె బ్లాంష్ దాన్ని కాపాడుకొచ్చారు గానీ, 1947లో ఆమె కూడా పోయాక అది పాడుపడింది. పాత ఫొటోలను, తోటను ఎరిగినవారి జ్ఞాపకాలను ఆధారం చేసుకుని ఎంతో శ్రమతో పునరుద్ధరించి 1980లో సందర్శకులకు తెరిచారు.

అమెరికాలో పరిస్థితి అంతదాకా రాకముందే ఒకరు మేల్కొన్నారు. కాలిఫోర్నియాలో రూత్ బ్యాంక్‌రాఫ్ట్ నీటి అవసరం తక్కువైన ఎడారి జాతులతో పెంచిన సొంత తోటను చూసి, ఆమె తర్వాత దాని గతి ఏమిటన్న చింతతో ఫ్రాంక్ కేబట్ 1989లో ఇలాంటి తోటలను కాపాడేందుకు గార్డెన్ కన్సర్వెన్సీ అనే సంస్థను స్థాపించారు. అందరికీ అలాంటి అండ దొరకదు. కాబట్టి పత్రికలో అచ్చయ్యే వివరమే కొన్ని తోటలకు మిగిలే ఏకైక దాఖలా కావచ్చు.

అందువల్ల తోటల వ్యాసాల్లో ఏడాది పొడవునా సాగే పనిని, విఫలమైన ప్రయత్నాలను, యజమాని తర్వాత ఆ బాధ్యత ఎవరిదన్న విషయాన్ని కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను. జీతానికి పనిచేసే తోటమాలుల మాటలను, వారు ఒప్పుకుంటే వారి పేరుతోనే ప్రచురించండి. ఇంటివారు కోరితే చిరునామా గోప్యంగా ఉంచవచ్చు. పూత లేని కాలంలో తీసిన ఫొటో కూడా ఒకటి వేస్తే, కొత్తగా తోట మొదలుపెట్టేవారికి పాదుల అమరిక స్పష్టంగా తెలుస్తుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు