సూదుల గురించి పాపకు

చి.సౌ. పాపకు నాయన ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షాపులో జనం ఉన్నారు, సరిగా మాట్లాడలేకపోయాను. అయినా ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం చెవిన పడవు, అందుకే రాస్తున్నా.

నీ మైగ్రేన్ (పార్శ్వపు తలనొప్పి) తగ్గడానికి బెంగళూరులో మీ వీధిలో ఆక్యుపంక్చర్, అంటే సన్నటి సూదులు గుచ్చే వైద్యం, చేసేవాళ్ల దగ్గరికి పోవాలా వద్దా అని కదా అడిగావు. పో. అనంతపురంలో ఇన్నేళ్లు మందులమ్మిన మనిషి ఇంత తేలిగ్గా సరే అంటాడని నువ్వు అనుకుని ఉండవు. కానీ దాంతో ఏమవుతుందో, ఏం కాదో తెలుసుకుని పో.

మీ అమ్మకూ ఉన్న ఈ తలనొప్పి నీకు తెలిసిందే. ఎండలో కమలానగర్ దాకా పోయొస్తే చాలు, సాయంత్రానికి కుడి కణత పట్టుకునేది. శొంఠి గంధం పట్టు వేయడం, తలకు గుడ్డ బిగించడం, మీ జేజి దిష్టి తీయడం అన్నీ అయ్యాయి. పోయినేడు ఇక్కడే ఒకాయన దగ్గర సూదులు వేయించుకుంది. నేను పక్కనే కూర్చుని చూశా. అది ఇంజెక్షన్ సూది కాదమ్మా. వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి పైన వేలితో టక్కున తడతాడు, దిగిపోతుంది. మెడ వెనుక పుర్రె కింది గుంటల్లో, కణతల దగ్గర, పాదం మీద, చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో వేశాడు. చేతిది దిగినప్పుడు మాత్రం "అబ్బా, లోపల లాగుతోంది" అంది. అలా బరువుగా లాగితేనే సూది సరిగ్గా పడినట్టని ఆయన లెక్క. ఆ తర్వాత అరగంట ఒకటే గురక! పగలు నడుం వాల్చని మనిషి కదా మీ అమ్మ.

నొప్పి పూర్తిగా పోలేదు. రావడం తగ్గింది, వచ్చినా వాంతుల దాకా పోవడం లేదు. మరి ఇది సూది గుణమా, కళ్లు మూసుకుని అరగంట పడుకున్న గుణమా? ఈ అనుమానం నాకొక్కడికే కాదు, పరిశోధకులకూ వచ్చింది. 2016లో కోక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చెప్పే సంస్థ, మైగ్రేన్‌కు సూదుల మీద జరిగిన 22 పరీక్షల్లోని దాదాపు 5,000 మంది లెక్కలు కలిపి చూశారు. సూదులు వేయించుకున్నవాళ్లలో నూటికి 41 మందికి తలనొప్పులు సగానికో అంతకన్నా ఎక్కువో తగ్గాయి. వేయించుకోనివాళ్లలో 17 మందికే. అసలువే అనుకునేలా పైపైనో, వేరే చోటో వేసే ఉత్తుత్తి సూదులతో పోల్చిన పరీక్షల్లో మాత్రం అలా తగ్గింది అసలు సూదికి నూటికి 50 మందికి, ఉత్తుత్తి సూదికి 41 మందికి. తేడా ఉంది గానీ చిన్నది. నొప్పి రాకుండా రోజూ వేసుకునే మాత్రలతో పోల్చినా సూదులు తీసిపోలేదు, పైగా ఒంటికి సరిపడక మధ్యలో మానేసినవాళ్లు తక్కువ. కాబట్టి సూదికి డబ్బు కట్టు, శక్తి ప్రవాహమనీ నాడులనీ గంటసేపు చెప్పే కథకు కట్టొద్దు.

బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2012లో ఇచ్చిన సలహా ప్రకారం, మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే టోపిరమేట్, ప్రొప్రనలోల్ మాత్రలు పనిచేయనివాళ్లకు, పడనివాళ్లకు 5 నుంచి 8 వారాల్లో 10 సార్ల దాకా సూదులు వేయొచ్చు. నువ్వూ అంతవరకే పెట్టుకో. నొప్పి వచ్చిన రోజు, మాత్ర వేసుకున్న రోజు క్యాలెండర్‌లో గుర్తు పెట్టు. ఏమీ తగ్గకపోతే మానెయ్. మొదటి రోజే "శాశ్వతంగా పోతుంది, ఏడాది ప్యాకేజీ తీసుకోండి" అన్నారంటే లేచి వచ్చెయ్.

ఇక అసలు సంగతి. మీరిద్దరూ బిడ్డ గురించి అనుకుంటున్నారని అమ్మ చెప్పింది. నువ్వు వాడే టోపిరమేట్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అలాగని నీ అంతట నువ్వు ఆపొద్దు, సూదులు మొదలుపెట్టాం కదా అని అసలే ఆపొద్దు. ఈ వారమే న్యూరాలజిస్టును కలిసి విషయం చెప్పు, ఏది మార్చాలో ఎప్పుడు తగ్గించాలో ఆయన చూస్తాడు. సూదులు వేసేవాళ్లకూ చెప్పు. గర్భిణులకు ఆ బొటనవేలి పక్క చోట వేయకూడదని వాళ్ల పద్ధతిలోనే ఉంది.

నొప్పి బిళ్లల మాట కూడా చెప్పాలి, రోజూ కౌంటర్ దగ్గర చూస్తుంటాను కాబట్టి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ మాత్రలయితే 10 రోజులు, అలా నెలల తరబడి మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. పొద్దున్నే స్ట్రిప్పు కోసం వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లను చూస్తూనే ఉంటా. చెబితే "నీ వ్యాపారం నువ్వు చూసుకో సామీ" అంటారు. నీ క్యాలెండర్‌లో ఈ లెక్క కూడా చూసుకో.

ఎప్పుడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి పట్టు తప్పినా సూదుల దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికే పోవాలి. ఇది మీ ఆయనకు కూడా చెప్పి ఉంచు.

సూదుల ప్యాకెట్ నీ కళ్లముందే చింపాలి, వాడినవి పారేయాలి. పరగడుపున పోవద్దు, కొంతమందికి కళ్లు తిరుగుతాయి. మొదటిసారి మీ ఆయనను వెంట తీసుకుపో, వచ్చేటప్పుడు బండి నువ్వు నడపొద్దు.

ఇట్లు,
మీ నాయన