వార్షిక నివేదిక: క్లినిక్ సిబ్బందికి హెపటైటిస్ బి టీకా

సభ్యులకు నమస్కారం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పళ్ల క్లినిక్‌లు నడుపుతున్న మన తెలుగు డాక్టర్ల సంఘం ఈ ఏడాది ఎక్కువగా ఈ ఒక్క పనిమీదే తిరిగింది.

టీకా వద్దన్నవాళ్లు మనలో లేరు. అడ్డొస్తున్నది "కాలేజీలోనే వేయించుకున్నాంలే" అన్న ధీమా. ఎన్ని డోసులని అడిగితే కార్డు ఉండదు. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు పడాలి. ఆరో నెలదే తప్పిపోతోంది. మధ్యలో ఆగినా మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, మిగిలినవి వేయించుకుంటే చాలు. పెద్దలకు 1 మి.లీ., భుజం కండరానికే. పిరుదుకు వేస్తే రక్షణ తక్కువగా వస్తుంది.

"గ్లవ్స్ ఉన్నాయి కదా" అన్నది రెండో మాట. సూదిని గ్లవ్స్ ఆపవు. హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, టీకా లేనివారికి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం; హెచ్ఐవీకి అది 0.3 శాతమే. ఎండిన రక్తంలోనూ ఈ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. అందుకే మా దిగులంతా పళ్ల గార తీసే స్కేలర్ మొనలు, పన్ను తొలిచే బర్‌లు కడిగే అసిస్టెంట్ల గురించి. జీతం కోసం క్లినిక్ మారితే వాళ్ల మూడో డోసు గాలికిపోతుంది. తెలుగు, ఒడియా రెండింట్లో వేయించిన కార్డు ఇకనుంచి వాళ్ల దగ్గరే ఉంటుంది.

టీకా మందు 2–8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గడ్డకడితే పనికిరాదు, కరిగించినా వాడకూడదు. ఐసు ప్యాక్‌కు సీసా నేరుగా తగిలినా, ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అర పక్కన పెట్టినా జరిగేది ఇదే. చాలామంది వేడికి భయపడతారు గానీ చలి గురించి ఆలోచించరు.

మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టైటర్ (టీకాతో రక్తంలో వచ్చిన యాంటీబాడీల కొలత) చేయించండి. 10 mIU/mL లేదా ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టే. తగ్గితే మరో మూడు డోసుల కోర్సు, మళ్లీ టైటర్. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష, అంటే ఒంట్లో ఇప్పటికే ఈ వైరస్ ఉందేమో చూసేది. ఎప్పుడో కోర్సు ముగించి టైటర్ చూసుకోనివారికి ఇప్పుడు తక్కువ వస్తే ముందు ఒక్క డోసు వేసి, నెల రెండు నెలల్లో మళ్లీ చూడాలి.

సూది గుచ్చుకుంటే పిండకండి, సబ్బునీళ్లతో కడగండి. టీకా లేనివారికి ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్), టీకా మొదటి డోసు వీలైతే 24 గంటల్లోపే పడాలి. రెండు చేతులతో సూదికి మూత పెట్టడం మానేయండి. బల్లమీద మూత ఉంచి ఒంటిచేత్తో అందులోకి జొప్పించాలి.

వచ్చే ఏడాది మొదటి పని, ప్రతి క్లినిక్‌లో అసిస్టెంట్ల టైటర్.