చిన్నాయన ఆపరేషన్ గురించి

నల్లగొండ

బిడ్డా,

ఫోనులో నువ్వు చిన్నాయన జబ్బు సంగతి అడిగినప్పుడు అతను పక్కనే ఉన్నాడు, అందుకే దాటవేశాను. చిన్నాయనకు కుడిచెయ్యి పట్టు తప్పింది. చొక్కా గుండీ కాజా దాకా వెళ్ళి జారిపోతుంటే మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటాడు కానీ పిన్నిని పెట్టనివ్వడు.

ఎంఆర్ఐ చూసి గ్లియోబ్లాస్టోమా, అంటే మెదడులో త్వరగా పెరిగే క్యాన్సర్ కణితి, కావచ్చన్నారు. నువ్వు చెప్పిన, ఆపరేషన్‌లోనే రేడియేషన్ ఇచ్చే పద్ధతి గురించి డాక్టరును అడిగాను. కణితి తీయగానే ఆ ముక్కను అప్పటికప్పుడే పరీక్షించి, అదేనని తేలితే, ఖాళీ అయిన గుంతలో కిరణాలు వెలువరించే గుండ్రటి గోళం (అప్లికేటర్) పెట్టి ఎక్స్-కిరణాలు ఇస్తారట. 50 కిలోవోల్టుల తక్కువ శక్తివే కనుక కొద్ది మిల్లీమీటర్లలోనే వాటి బలం తగ్గిపోతుంది, చుట్టూ ఉన్న మెదడుకు దెబ్బ తక్కువ. ఈ జబ్బు తిరగబెట్టేది చాలామందిలో పాత చోటికి రెండు సెంటీమీటర్ల లోపే. పైగా గాయం మానేదాకా మామూలు రేడియేషన్ మొదలుపెట్టరు, ఆ వారాల్లో మిగిలిన కణాలు పెరుగుతూనే ఉంటాయి. అన్ని రోజులు చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదన్నదే నాకు నచ్చింది.

కానీ దీంతో ఆరు వారాల తిరుగుడు తప్పుతుందని నువ్వు అనుకుంటున్నావు. తప్పదు తల్లీ. 30 విడతల్లో 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) మామూలు రేడియేషన్, దానితో టెమోజొలొమైడ్ అనే కీమో మాత్రలు తరువాత ఉండనే ఉంటాయి. 2005 నాటి పెద్ద అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయువు (సగంమంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) 12.1 నెలలు, మాత్రలు కూడా వాడినవారిది 14.6. నువ్వు చెప్పిన ఈ పద్ధతిని జర్మనీలోని మాన్‌హైమ్‌లో 15 మందికి ఇచ్చి చూసింది ముఖ్యంగా అది ప్రమాదం లేనిదేనా అని. దాన్ని చూసి నయమైపోతుందని ఎవరికీ మాట ఇవ్వకు.

నెలల లెక్క చిన్నాయనే అడిగి తెలుసుకున్నాడు. విని, బత్తాయి తోటకు నీళ్ళు కట్టారా అన్నాడు. పిన్ని ఇంకా అడగలేదు, ఆమె అడిగేదాకా నువ్వు ఎత్తకు.

సీడీ, రిపోర్టులు తమ్ముడితో రేపు పొద్దున బస్సుకు పంపుతున్నాను. హైదరాబాదులో న్యూరోసర్జన్‌ను, రేడియేషన్ డాక్టరును ఇద్దరినీ కలువు. కణితి చూపు నరాలకు, బ్రెయిన్ స్టెమ్‌కు (ఊపిరి, గుండె నడిపించే మెదడు అడుగు భాగానికి) ఎంత దూరంలో ఉందో, ఆ యంత్రం వాళ్ళ దగ్గర ఉందో లేదో, ఖర్చెంతో అడుగు. ఆ యంత్రం లేదంటే దానికోసం ఆపరేషన్ వాయిదా వేయించకు. ఇక్కడ ఇచ్చిన తేదీకే చేయిద్దాం.

మీ నాన్న