మంత్రి గారూ, ఫిజియోథెరపిస్టును ఇంటికి ఎప్పుడు పంపిస్తారు?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో విన్నపం. ముందు ఇచ్చిన మూడింటికీ రసీదులున్నాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా నాన్నకు పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. ఎడమ కాలు, చేయి పడిపోయాయి. డిశ్చార్జి రోజున బొమ్మలున్న ఒక కాగితం చేతిలో పెట్టి, వారంలోగా ఫిజియోథెరపిస్టు ఇంటికే వస్తారన్నారు. మీ పథకం చెప్పేదీ అదే కదండీ. ఎవరూ రాలేదు.

కాగితం చూసి మేమే చేయించాం. వెల్లకిలా పడుకుని మడమ జరుపుతూ మోకాలు మడవడం, రెండు మోకాళ్లూ మడిచి నడుము పైకెత్తడం, కుర్చీలోంచి లేవడం. లేపేటప్పుడు ఆయన పడిపోయిన చేయి పట్టుకుని లాగేదాన్ని. అలా లాగితే భుజం కీలు దెబ్బతింటుందని కాగితంలో లేదు. లేచిన ప్రతిసారీ బరువంతా కుడి కాలే మోస్తోందని కూడా మాకు తెలియలేదు. లేస్తున్నారు కదా అని సంబరపడ్డాం.

చివరికి ఐదో నెలలో అప్పు చేసి ఒక ఫిజియోథెరపిస్టు ఆవిడను పిలిపించాం. చూడగానే, పిక్క బిగుసుకుపోయింది, పాదం వాలిపోయింది, అందుకే వేళ్లు గడపకు తగులుతున్నాయన్నారు. ఎడమ పాదాన్ని మోకాలి కంటే కాస్త వెనక్కి జరిపించి, ఒళ్లు ముందుకు వంచి లేవమన్నారు. నాన్న ఎడమ తొడ వణికింది. ఆ కాలు బరువు మోయడం నేను చూసింది అదే మొదటిసారి. ఐదు నెలల పొరపాటు పది నిమిషాల్లో బయటపడింది. రెండోసారి పిలిచే స్తోమత మాకు లేదు.

ఇంట్లో చేసే వ్యాయామంతో ఏమొస్తుందని మీ కార్యాలయంలో ఒకరు నాతో అన్నారు. 2011లో వెలువడిన లీప్స్ అనే అమెరికా అధ్యయనంలో 408 మంది పక్షవాత రోగులున్నారు. ట్రెడ్‌మిల్ మీద శిక్షణ పొందినవాళ్లూ, ఇంటి దగ్గర వ్యాయామం చేసినవాళ్లూ ఏడాదికి నడకలో దాదాపు సమానంగానే మెరుగయ్యారు. కాకపోతే ఆ ఇళ్లకు ఫిజియోథెరపిస్టు వెళ్లి, 90 నిమిషాల చొప్పున 36 సార్లు దగ్గరుండి చేయించాలన్నది అక్కడి లెక్క. మేం 36 సార్లు అడగడం లేదు. మొదటి వారంలో ఒకసారి, తర్వాత నెలకు రెండుసార్లు పంపండి చాలు. దయచేసి పంపండి.

కాలు ఎక్కువగా కోలుకునేది మొదటి మూడు నెలల్లోనేనట. మాకు అవి పోయాయి. నిన్న డిశ్చార్జయినవాళ్లకు ఇంకా పోలేదు. ముందు వాళ్లింటికి ఈ వారమే పంపండి. మా ఇంటికి ఆ తర్వాతైనా సరే, పంపండి.

ఇట్లు,
ఒక కూతురు